గానఫలము ఎవ్వరిది?

స్వర్గమును కోరి యాగము చేసినవానికి యాగము ముగిసిన నాడే స్వర్గము లభింపదు. హవిస్సు బూడిదయై, వేదిక చల్లారి, ఋత్విక్కులు దక్షిణలు పుచ్చుకొని యెవరి యిండ్లకు వారు పోయిన పిదప, ఎన్నియో యేండ్లకు, బహుశః దేహమే పడిపోయిన పిదప, ఆ ఫలము సిద్ధించునని శాస్త్రము చెప్పును. నశించిపోయిన కర్మ, ఇంకను పుట్టని ఫలమునకు కారణమెట్లగునని యడిగినవారికి మీమాంసకులు అపూర్వమను నొక శక్తిని చూపిరి. కర్మ జరిగినంతనే అది పుట్టి, కంటికి కనబడక, ఫలకాలము వచ్చువరకు కాచుకొని యుండునట. దాని స్వరూపమును గూర్చి కుమారిలుని వారును ప్రభాకరుని వారును తరతరములుగా వాదులాడుకొనిరి గాని, కర్మకును ఫలమునకును నడుమ ఏదో యొకటి నిలిచియుండక తప్పదన్న విషయమున ఇరువురకు భేదము లేదు.

ఇట్టి అపూర్వమును చేతితో తాకి చూడగలిగిన కాలము ఇరువదవ శతాబ్దముతో వచ్చెను. 1902 నవంబరులో కలకత్తాలోని యొక హోటలు గదిలో, గ్రామఫోను కంపెనీ పంపిన ఫ్రెడ్ గైస్‌బర్గ్ ఎదుట గౌహర్ జాన్ పాడినప్పుడు, ఆమె గానము ఎప్పటివలెనే గాలిలో కలిసిపోయెను. కాని దాని గీత యొకటి పళ్లెముపై మిగిలెను. ఆ పళ్లెములు సముద్రము దాటి జర్మనీలోని హానోవరు పట్టణమునకు పోయి, అచట అచ్చుపడి, రికార్డులై తిరిగివచ్చెను. ప్రతి పాట చివరను ఆమె తన పేరు తానే చెప్పెడిది. ఏ పళ్లెము ఎవరిదో అచ్చువేయువారికి తెలియుటకని దానికి కారణము చెప్పుదురు. వైదికకర్మలో సంకల్పవేళ గోత్రనామములు చెప్పుకొనువాడు యజమాని. మంత్రములన్నియు తానే చదివినను ఋత్విక్కు తన పేరు చెప్పుకొనడు. గౌహర్ జాన్ తన పేరు చెప్పుకొన్నది యజమానిగానా, లేక దక్షిణ పుచ్చుకొన్న ఋత్విక్కుగానా? పాట పాడుట యొక కర్మయైనచో, పాడినవాడు పోయిన తరువాత కూడ ఆ కర్మ ఫలించుచుండగా, ఆ ఫలము ఎవ్వరికి చెందవలెను?

ఛత్తీస్‌గఢ్‌లోని నయా రాయపూరులో కాపురముండు తెలుగువానికి ఈ ప్రశ్న పుస్తకములలో మాత్రమే తగులునది కాదు. 2018లో అటల్ నగరమని పేరు మార్చినను జనుల నోట ఇది నయా రాయపూరుగనే నిలిచినది. ఆరేడు వాహనములు సరిసమానముగా పోదగిన రోడ్లు, వాని వెంట అద్దాల కచ్చేరీలు, అద్దాల వెనుక కొద్ది దూరములోనే రాఖీ, ఉపర్వారా వంటి పాతపల్లెలు, ఆ పల్లెలలో మాతాదేవాలయములు. ఒక యుగములోనికి మరియొక యుగము చొచ్చుకొని వచ్చినట్లుండును. పాత రాయపూరులోను, భిలాయి ఉక్కు కర్మాగారపు కాలనీలలోను తెలుగు కుటుంబములకు కొదువ లేదు. రాయపూరును విజయనగరముతో కలిపిన రైలుమార్గము 1931లో పూర్తియైన నాటినుండియు, ఉత్తరాంధ్ర జిల్లాల జనము ఆ దారిని కొండలెక్కి యిటు వచ్చుచునే యున్నది.

ఆ మార్గమునకు అవతలి కొనయైన విజయనగరముననే ఘంటసాల వేంకటేశ్వరరావు సంగీతము నేర్చినది. 1922 డిసెంబరు 4వ తేదీన కృష్ణాజిల్లా చౌటపల్లిలో పుట్టి, తరంగములు పాడు తండ్రిని బాల్యముననే పోగొట్టుకొని, సంగీతము నేర్వుమన్న ఆయన మాటను పట్టుకొని ఒంటరిగా విజయనగరము చేరిన ఆ బాలుడు, ఇంటింట మధుకరమెత్తి కడుపు నింపుకొనుచు, పట్రాయని సీతారామశాస్త్రి గారి శిష్యుడై విద్య గడించెను. 1942 ఉద్యమములో జైలుకు పోయెను. మద్రాసు చేరి, సినిమాలో మొదట గుంపులో నొకడై, పిదప ముప్పది యేండ్లపాటు తెలుగుదేశమునకంతటికిని ఒకే గొంతుకయై నిలిచెను. పాతాళభైరవి, మాయాబజారు వంటి చిత్రముల మాట అందరెరిగినదే. నాకు అంతకంటె ముఖ్యముగా తోచునది వేరొకటి. సినిమాపాటను, నాటకపు పద్యమును, పల్లెపాటను, భక్తిగీతమును ఆయన ఒకే శ్రద్ధతో పాడెను. జంధ్యాల పాపయ్యశాస్త్రి గారి పుష్పవిలాపమును పాడి రికార్డుగా ఇచ్చిన నాడు పద్యము చదువరాని యిండ్లకు పద్యము చేరెను. మూడు నిమిషములు దాటి నాలుగవ నిమిషము చొరనీయని ఆనాటి లక్క రికార్డు ముఖముపై అంత కరుణరసమును ఇముడ్చుట సామాన్యమైన నేర్పు కాదు.

అవసానదశలో, దేహము క్షీణించిన వేళ, ఆయన భగవద్గీతను పాడెను. ఎన్నుకొన్న శ్లోకములు నూరుకు పైచిలుకు. శ్లోకము రాగములో, వెంటనే తాత్పర్యము తెలుగు మాటలలో, రెండును తన కంఠముతోనే. 1974 ఫిబ్రవరి 11న ఆయన మరణించెను. రికార్డు ఆ తరువాతనే వెలువడెను. ఫలమునందు ఆశ వలదని బోధించు గ్రంథమును పాడినవానికి ఆ పాట ఫలమును చూచు అవకాశమే లేకపోవుటను కొందరు విధివైపరీత్యమందురు. నేనైతే ఆ గ్రంథమునకు అంతకంటె తగిన గాయకుడు దొరకడందును.

తెలుగునాట ఆ గీతకు పట్టిన దశ తెలిసినదే. ఉదయమున పొరుగింట ఆ కంఠము వినబడినచో 'ఎవరైనా పోయిరా' యని కిటికీ తెరచి చూతురు. యుద్ధము మొదలుకాక మునుపు, బ్రదికియున్న వానికి, లేచి తన పని తాను చేయుమని చెప్పిన మాటలు చావుమేళమైపోవుట వింతయే. మేళము రాష్ట్రము దాటినను వదలలేదు. రాయపూరులో నొక తెలుగు కుటుంబమున పెద్దాయన పోయినప్పుడు, శవవాహనము నడపుటకు వచ్చిన కుఱ్ఱవాడు ఛత్తీస్‌గఢీవాడు. తెలుగక్షరము ముక్క రాదు. వాడు అడుగకుండగనే తన సెల్‌ఫోనును చిన్న స్పీకరు పెట్టెకు తగిలించి ఘంటసాల గీత పెట్టెను. తెలుగువారికి ఇదే పెట్టవలెనని వానికెవరో చెప్పియుందురు. శ్మశానపు మలుపు దగ్గర, శ్లోకము సగములో నుండగా, వానికి ఫోను వచ్చెను. గీత ఆగిపోయి, బండి ఎక్కడికి రావలెనో అడుగు గొంతుక యొకటి స్పీకరులో బిగ్గరగా వినబడి, వాడు సమాధానము చెప్పి, ఆ పిమ్మట తాత్పర్యము మధ్యనుండి ఘంటసాల మరల మొదలిడెను. ఒక్కరును నవ్వలేదు. ముందు నడచుచున్న కొడుకు ఆ కంఠము తిరిగి వచ్చినంతనే భుజముపై కండువాతో కన్నులు తుడుచుకొనెను. అంతవరకు అతడు ఏడ్వలేదు.

ఇందులో కర్త ఎవ్వడు? పాడినవాడు చనిపోయి యర్ధశతాబ్దమైనది. మ్రోగించినవానికి అర్థము తెలియదు. యంత్రమునకు ఇచ్ఛ లేదు. ఐనను కర్మ జరిగినది, ఒకరి మనసులో దాని ఫలము కనబడినది.

మీమాంసాసూత్రకారుడైన జైమిని తన మూడవ అధ్యాయమున, యాగఫలము ఎవనికని విచారించి, కర్మను తనదిగా పూని చేయించువానికే యని తేల్చెను. అధ్వర్యువు హోమము చేయవచ్చును, ఉద్గాత సామము పాడవచ్చును. వారు దక్షిణకు కొనబడినవారు, కనుక వారికి దక్షిణతో సరి. ఈ న్యాయమునుబట్టి గాయకుడు ఉద్గాత. వానికి రావలసినది వాని కూలి; స్వర్గము వేరొకనిది. వినుటకు కఠినముగా నున్నను, మన సంగీతపు వ్యాపారము తెలియకయే అనుసరించిన ధర్మశాస్త్రమిదియే. పాత దినములలో గాయకునకు ఒక్కసారి రొక్కమిచ్చి కంపెనీవారు హక్కును పుచ్చుకొనెడివారు. మన దేశపు చట్టము ధ్వనిముద్రణపై హక్కును ప్రచురించిన నాటినుండి 60 సంవత్సరములకు పరిమితము చేసినది. పాడినవానికి తన పాటపై ప్రత్యేకమైన హక్కొకటి కలదని 1994 వరకు గుర్తింపనే లేదు, రాయల్టీలో వాటా మాట 2012 సవరణతో గాని రాలేదు. ఉద్గాతకు దక్షిణ పెరిగినదని సంతోషింపవచ్చును. కాని నేనడుగునది దక్షిణ మాట కాదు.

మరి యజమాని ఎవ్వడు? రొక్కమిచ్చెను గనుక కంపెనీ యందమా? స్వర్గకాముడై కంపెనీ ఘంటసాలచేత గీత పాడించెనని యెవ్వరును అనజాలరు. అది కోరినది ధనము, ధనమే దానికి వచ్చెను, అక్కడితో దాని కర్మ ముగిసెను. మీమాంసకుల లెక్కలో అధికారి యగుటకు మొదటి యర్హత అర్థిత్వము, అనగా ఆ ఫలము కావలెనన్న తపన. శవము ముందర నడచుచున్న కొడుకు అర్థి. తెల్లవారుజామున మగ్గము దగ్గర కూర్చుండి గీత పెట్టుకొను వృద్ధుడు అర్థి. ఒక్క గానమునకు వేలకొలది యజమానులు, ఒక్కొక్కరిది ఒక్కొక్క సంకల్పము, ఎవ్వరును ఘంటసాలను ఋత్విక్కుగా వరించినవారు కారు, ఆయన యెవ్వరిని ఎరుగడు. ఇచ్చట శాస్త్రపు చొక్కా పిగులుచున్నదని ఒప్పుకొనవలెను. వరణము లేని ఋత్విక్కు శాస్త్రమున లేడు.

కాని శాస్త్రమున సత్రమను నొకటి కలదు, అది మన పల్లెపాటకు దగ్గర చుట్టము. సత్రమున పదునేడుగురికి తక్కువ కాకుండ కూడుదురు. వారిలో యజమాని వేరు, ఋత్విక్కు వేరు అను భేదముండదు. అందరును ఋత్విక్కులే, అందరును యజమానులే. దక్షిణ లేదు, ఎవరికెవరు ఇయ్యవలెను? ఫలమును పదునేడు భాగములు చేసి పంచుకొందురా యన్నచో, కాదు, ప్రతివానికిని ఫలము సంపూర్ణముగా వచ్చునని జైమిని నిర్ణయము. పంచుకొన్నను తరుగని వస్తువు లోకమున నేది కలదని యడిగినవారికి పాటను మించిన ఉదాహరణము నాకు తోచదు.

నవరాత్రుల రాత్రులలో ఈ నగరపు లోపలి పల్లెలకు పోయి చూచినచో సత్రమును కన్నులార చూడవచ్చును. మాతాదేవాలయము ముందర, మొలకెత్తిన జవారా గంపలకు ఎదురుగా, నేలపై రెండు వరుసలుగా కూర్చుండి, ఒకడు మాందరు వాయింపగా, తాళములు మ్రోయగా, ఒక వరుస యెత్తుకొన్న జస్‌గీతమును, అనగా అమ్మవారి స్తుతిపాటను, రెండవ వరుస అందుకొనును. ఎత్తుకొన్నవాని గొంతు బొంగురుపోయినచో పక్కవాడు అడుగకయే తీసికొనును. ఎవడు బాగుగ పాడెనని యెవ్వరును అడుగరు. ఇప్పుడు ఆ వరుసలు పలుచబడి, దుకాలూ యాదవ్ వంటి ప్రసిద్ధుల రికార్డులు డీజే పెట్టెలలో మ్రోగుచున్నవి. ఆ గాయకుని నేను తప్పుపట్టను. అతని పాటలో బలమున్నది గనుకనే పెట్టెకెక్కినది. కాని పదిమంది యజమానులు కూర్చుండవలసిన చోట పదిమంది శ్రోతలు నిలుచుండిరి. దేవతకు ఏది యిష్టమో నేను చెప్పలేను. మాందరు వాయించువానికి ఏది యిష్టమో చెప్పగలను.

భారతకథను పాడి చెప్పు పండవానీలో ఈ భేదము మరింత తేటపడును. భిలాయి దగ్గరి గనియారి గ్రామమున పుట్టి, తంబురను ఒకమారు గదగా, ఒకమారు ధనుస్సుగా త్రిప్పుచు భారతమును చెప్పిన తీజన్ బాయికి 2019లో పద్మవిభూషణము వచ్చినది. ఆమె కథ నడుపుచుండగా పక్కనుండు 'రాగీ' అడుగడుగునకు ఊ కొట్టి, ప్రశ్న వేసి, ఆశ్చర్యపడును; మన బుఱ్ఱకథలో వంతలు చేయు పని అదియే. ఊ కొట్టువాడు లేనిచో కథ సాగదు. అతడు శ్రోతల పక్షమున వేదికపై కూర్చున్న యజమాని. రికార్డులో రాగీ ఊ కొట్టుచునే యుండును గాని, మనము కొట్టవలసిన ఊ కూడ అతడే కొట్టివేయును.

సత్రపు పాట సంతకు పోయినప్పుడు చిక్కు మరియొక విధముగా వచ్చును. రాయపూరు జోషీ సోదరీమణుల కంఠమున ఏనాడో ఈ ప్రాంతమున ప్రసిద్ధమైన అత్తవారింటి పాట యొకటి, 2009లో ఢిల్లీ-6 చిత్రముతో దేశమంతయు మ్రోగెను. జానపదమన్న ఒక్కమాటతో దాని పూర్వులను తోసివేసిరని ఇచ్చటివారు నేటికిని నొచ్చుకొందురు. ఆ నొప్పి న్యాయమైనదే. ఐనను ఆలోచింపుడు: సత్రమున పేరు చెప్పుకొన నవసరము లేకుండుట గౌరవము, కంపెనీ పత్రముపై పేరు లేకపోవుట అపహరణము. పేరులేమి రెండు చోట్లను ఒక్కటే, ధర్మము మాత్రము తలక్రిందులైనది. మరుసటి యేడు పీప్లీ లైవ్ చిత్రమున, రాయపూరులోనే పుట్టిన నాటకకర్త హబీబ్ తన్వీర్ కుమార్తె నగీన్ పాడిన 'చోలా మాటీ కే' పాటకు ఈ యాపద కొంత తప్పినది. దేహము మట్టితో కుట్టిన చొక్కా యను వేదాంతమును నాటకశాలలో దశాబ్దములు పాడి నిలిపినవారి చేతులమీదుగనే అది తెరకెక్కినది. ఆ మాటను కాశీలో చెప్పినచో శాస్త్రమగును. ఇచ్చటి జానపదనాటకమైన నాచా గమ్మత్తులో చెప్పినచో జనము నవ్వుచు తల యూపుదురు, ఇంటికి పోయి మరల తలచుకొందురు.

మీమాంసలో పదవ అధ్యాయమున చిన్న విచారణ యొకటి యున్నది. రికార్డుల యుగమునకే వ్రాసిరా యనిపించును. సత్రము నడుమ నొకడు మరణించినచో ఏమి చేయవలెను? వానిని దహించి, అస్థులను కృష్ణాజినమున మూటగట్టి, వాని దగ్గరి బంధువునకు దీక్ష యిచ్చి సత్రము సాగించి, సంవత్సరాంతమున ఆ అస్థులచేత యాగము చేయింపవలెనని విధి. అస్థులు యాగమెట్లు చేయును? అవి మంత్రము చెప్పవు, ఆహుతి వేయవు, కోరిక కోరవు. జైమిని సిద్ధాంతము: అస్థులకు కర్తృత్వము కుదరదు గనుక చేయువారు బ్రదికియున్నవారే, అస్థులు నడుమ నుండును.

ఘంటసాల కంఠము నడుమ నున్నది. పాడుచున్నది ఎవ్వరని మరల అడిగినచో, నా సమాధానమిది. ఎనుబదేండ్లు గడచిన మా కాలనీలోని యొక వృద్ధురాలు, శనివారమున ఆ గీత పెట్టుకొని, శ్లోకము రికార్డు పాడుచుండగా ఊరకుండి, తాత్పర్యము రాగానే ఆయన కంటె అరక్షణము ముందుగా తానే చెప్పును. మాట తప్పదు, విరామము తప్పదు. ఆమెకు సంస్కృతము రాదు, చదువును అంతంతమాత్రమే. కంపెనీకి ఆమె ఒక వినియోగదారు. నా లెక్కలో ఆమె సత్రములోని పదునెనిమిదవ యజమాని. ఘంటసాల చేసిన కర్మకు ఫలము ఘంటసాలకు రాదని జైమిని యన్నమాట కూడ ఆమె దగ్గర కొంత సడలును. ఫలము సంపూర్ణముగా ప్రతివానికి వచ్చునన్న సత్రన్యాయమున, లేనివాడు కూడ లెక్కలోని వాడే కదా. దీనికి మీమాంసకులు ఒప్పుకొందురో లేదో గాని, నేను వారి శిష్యుడను కాను.

ఈ రాష్ట్రమునకు తనదైన గీతికయు నొకటి యున్నది. అర్పా పైరీ నదుల ధారలను కీర్తించు ఆ గీతమును వ్రాసినది డాక్టరు నరేంద్రదేవ్ వర్మ. ఆయన యన్నగారు స్వామి ఆత్మానంద; బాల్యమున వివేకానందుడు కొంతకాలము గడపిన రాయపూరులో ఆ వివేకానందుని పేరిట ఆశ్రమమును నిలిపి, గీతాప్రవచనములతో ఈ ప్రాంతమును మేల్కొలిపిన సన్న్యాసి. తమ్ముడు 1979లో, నలుబదేండ్లు నిండకమునుపే, మరణించెను. దావూ మహాసింగ్ చంద్రాకర్ 1974లో నెలకొల్పిన 'సోన్హా బిహాన్' అను జానపద కళాబృందపు వేదికపై ఆ పాట పెరిగెను. మహాసింగ్ కుమార్తె మమతా చంద్రాకర్ కంఠమున రాష్ట్రమంతట వ్యాపించెను. రాయపూరు ఆకాశవాణిలో పనిచేసి, 2016లో పద్మశ్రీ పొంది, ఖైరాగఢ్ సంగీతవిశ్వవిద్యాలయమునకు ఉపకులపతియైన ఆమె, పల్లెపాటను పల్లెయాసతోనే పాడుట మానలేదు. 2019 నవంబరులో ప్రభుత్వము ఆ పాటను రాజగీతముగా ప్రకటించెను. వ్రాసినవాడు మరణించి అప్పటికి నలుబదేండ్లు.

నాటినుండి సర్కారు సభలు ఆ పాటతో మొదలగుచున్నవి. రికార్డు పెట్టుదురు, అందరు లేచి నిలువబడుదురు, పాట ముగిసినంతనే కుర్చీల చప్పుడగును. వెనుక వరుసలో బంట్రోతులు, డ్రైవర్లు గొంతు కలుపుట నేను వింటిని. ముందు వరుసలో పెదవి కదలిన జాడ అరుదు. నిలుచుండుటతోనే ముందు వరుసకు ఆ ఫలములో పాలు దక్కునని జైమిని యెక్కడను చెప్పినట్లు లేదు.